చెన్నైలో ఇంటి ఎత్తు ఎక్కడినుంచి కొలుస్తారు?

మడిపాక్కం వాసి: పాత ఇల్లు పడగొట్టి, కింద ఒకటి పైన ఒకటి వేద్దామనుకుంటున్నాం. 2024లో వచ్చిన సెల్ఫ్ సర్టిఫికేషన్ (ఓనరే హామీ ఇచ్చి ఆన్‌లైన్‌లో ప్లాన్ అనుమతి తీసుకోవడం) పద్ధతిలో అయితే ఎత్తు 7 మీటర్లు దాటకూడదు. మా రోడ్డు మీద పొర మీద పొర వేసి వేసి వాకిలి గుంటలో పడింది. ఇప్పుడు బేస్‌మెంట్ లేపితే అది కూడా ఎత్తు లెక్కలోకి వస్తుందా? మేస్త్రీ "ఏం కాదు సార్" అంటున్నాడు. ఆ మాటతోనే టెన్షన్ మొదలైంది.

కొళత్తూరు సివిల్: వస్తుందండీ. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంటిని ఆనుకుని చుట్టూ ఉన్న నేల సగటు మట్టం నుంచి, మనుషులుండే ఆఖరి అంతస్తు టెర్రస్ దాకా ఎత్తు. మెట్ల మీది గది, నీళ్ళ ట్యాంకు, పిట్టగోడ హద్దులో ఉంటే కలపరు. కానీ అవన్నీ కలిసి టెర్రస్‌లో మూడో వంతు దాటితే ఆ మినహాయింపు పోతుంది. కోడ్ నమూనా మాత్రమే, చివరికి చెల్లేది తమిళనాడు 2019 బిల్డింగ్ రూల్స్. మట్టి పోయకముందే రోడ్డు మట్టం, పాత నేల మట్టం ప్లానులో గీయించండి. పోశాక పాత నేల ఎక్కడుందో మీరే చూపించలేరు.

నంగనల్లూరు 61: మాకు ఇంకో తలనొప్పి వచ్చింది. ఎయిర్‌పోర్ట్ దగ్గర కాబట్టి వాళ్ళ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) కావాలి. వాళ్ళు నేలనుంచి కాదు, సముద్ర మట్టం నుంచి లెక్కేస్తారు. పైగా ట్యాంకు, లిఫ్ట్ గది, యాంటెన్నా అన్నీ కలిపి! ఒకే ట్యాంకు, ఒక ఆఫీసులో లెక్కలో లేదు, ఇంకో ఆఫీసులో ఉంది. మా బిల్డర్‌కి ఈ సంగతి ట్యాంకు కట్టాకే గుర్తొచ్చింది.

వేళచ్చేరి అక్క: ప్రహరీ సంగతీ చూసుకోండి తమ్ముడూ. అదే కోడ్‌లో ముందు గోడ 1.5 మీటర్లే, అదీ రోడ్డు మధ్య గీత నుంచి. 2.4 దాకా పోవాలంటే పై 0.9 మీటర్లు గ్రిల్లులా ఖాళీగా ఉండాలి. మీ నేల రెండడుగులు దిగువైతే బయటికి ఐదడుగుల గోడ లోపల ఏడడుగులు. మూల స్థలమైతే ఇంకా తక్కువ. మలుపులో వచ్చే బండి కనబడాలిగా.

మడిపాక్కం వాసి: నిన్న నీళ్ళ ట్యూబు పట్టి చూశాం. రోడ్డు మధ్యకంటే మా నేల 26 అంగుళాలు దిగువ. వాన నీళ్ళు లోపలికి రాకూడదంటే బేస్‌మెంట్ మూడడుగులు కావాలి. స్లాబుతో కలిపి అంతస్తుకి పది, మొత్తం 23 అడుగులు. అంటే 7.01 మీటర్లు! అర అంగుళం కూడా లేని తేడా.

కొళత్తూరు సివిల్: పై అంతస్తు తొమ్మిదిన్నర చేయండి. 5 అంగుళాల స్లాబు పోగా లోపల 2.77 మీటర్లు వస్తుంది. గదికి కోడ్ అడిగేది 2.75.

మడిపాక్కం వాసి: ఇంట్లో చెప్పాను. ఫ్యాన్ నెత్తిమీదికి వస్తుందని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు.