జాన్ బ్రౌన్ చేసింది న్యాయమేనా? హార్పర్స్ ఫెర్రీ చూసొచ్చాక నా సందేహం

వాసు_ఆష్‌బర్న్ · శనివారం రాత్రి 9:40

మా అత్తగారు, మామగారు ఇండియా నుంచి వచ్చారు. మొన్న లాంగ్ వీకెండ్‌కి వాళ్లని హార్పర్స్ ఫెర్రీ తీసుకెళ్లాను. మా ఇంటి నుంచి గంట డ్రైవ్. రెండు నదులు కలిసే చోటు, చుట్టూ కొండలు, చాలా బాగుంటుంది.

తెలియని వాళ్ల కోసం: ఇక్కడ అమెరికాలో నల్లవాళ్లని బానిసలుగా ఉంచుకునే రోజుల్లో, 1859 అక్టోబర్ 16 రాత్రి జాన్ బ్రౌన్ అనే తెల్లాయన 21 మందితో వచ్చి అక్కడి ప్రభుత్వ ఆయుధాగారాన్ని పట్టుకున్నాడు. బానిసల చేతికి ఆయుధాలిచ్చి, కొండల్లో మకాం వేసి తిరుగుబాటు నడపాలని ప్లాన్. రెండు రోజులు కూడా నిలవలేదు. రాబర్ట్ లీ అనే సైన్యాధికారి మెరీన్ సైనికులతో వచ్చి తలుపు బద్దలుకొట్టి పట్టుకున్నాడు. డిసెంబర్ 2న బ్రౌన్‌ని ఉరితీశారు.

అందరూ బ్రౌన్ పేరే చెప్పుకుంటున్నారు. నేను మాత్రం వీధి పక్కన ఒక రాయి దగ్గర ఆగిపోయాను. హేవార్డ్ షెపర్డ్ పేరు మీద పెట్టిన రాయి. ఆయన రైల్వేలో సామాన్లు మోసే మనిషి. నల్లజాతివాడే, కానీ బానిస కాదు. బానిసల్ని విడిపించడానికి వచ్చామన్న వాళ్ల తుపాకీకి ఆ రాత్రి మొట్టమొదట బలైంది ఆయనే.

బానిసత్వం పోవాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఆ షెపర్డ్ చావుకి జవాబుదారీ ఎవరు? హింస లేకుండా ఆ పని అయ్యేది కాదా?

చింటూ_99 · 9:52

టికెట్ ఎంత అన్నా? పార్కింగ్ దొరుకుతుందా?

నల్లగొండ_రవి · 10:15

వాసుగారూ, ఆ రాయి ఎవరు పెట్టించారో చూశారా? 1931లో దక్షిణాది సైనికుల (అంతర్యుద్ధంలో బానిసత్వం ఉండాలన్న రాష్ట్రాల తరఫున పోరాడినవాళ్లు) వారసుల సంఘాలు పెట్టించాయి. షెపర్డ్ మీద ప్రేమతో కాదు. "మా బానిసలు మాకు విశ్వాసంగా ఉండేవాళ్లు, తిరుగుబాటు వాళ్లకి అక్కర్లేదు" అని చెప్పుకోవడానికి. బతికి ఉండగా ఆయనకి ఓటు లేదు. చచ్చాక రాయి ఇచ్చారు.

ఇక హింస సంగతి. 1860 జనాభా లెక్కల్లో దాదాపు 40 లక్షల మంది బానిసలు. కొరడా దెబ్బలు, తల్లి నుంచి పిల్లని లాగి అమ్మేయడం, ఇవన్నీ రోజూ జరిగేవే. దాన్ని ఎవరూ హింస అనరు, పద్ధతి అంటారు. బ్రౌన్ తుపాకీ పట్టుకుంటే మాత్రం హింస!

వాసు_ఆష్‌బర్న్ · 10:21

రాయి ఎవరు పెట్టారన్నది కాదు నా ప్రశ్న. మనిషి చచ్చాడా లేదా?

శాంతిపథం · 11:05

వాసుగారితో ఏకీభవిస్తాను. బ్రిటన్ 1833లో చట్టం చేసి, 2 కోట్ల పౌండ్లు పరిహారం కట్టి తన వలసల్లో బానిసత్వం ఎత్తేసింది. యుద్ధం జరగలేదు. బ్రెజిల్ 1888లో ఒక్క చట్టంతో తీసేసింది. అమెరికాలోనే అంతర్యుద్ధం వచ్చి ఆరు లక్షల మందికి పైగా చావాల్సి వచ్చింది. కాస్త ఓపిక పట్టి ఉంటే ఇంత రక్తం పారేది కాదు. విలియం లాయిడ్ గారిసన్ లాంటి వాళ్లు 1831 నుంచి పత్రిక నడిపి, ఆయుధం ముట్టకుండానే పోరాడుతున్నారు కదా.

నల్లగొండ_రవి · 11:09

ఓపిక ఎవరు పట్టాలి సార్? మీరా, వాళ్లా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

సుజాత_టీచర్ · ఆదివారం ఉదయం 7:30

ఇరవై రెండేళ్లు హిస్టరీ చెప్పి రిటైరయ్యాను, అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను. విసుక్కోకండి.

శాంతిపథం గారూ, ఆ 2 కోట్ల పౌండ్లు ఎవరికి వెళ్లాయి? యజమానులకి. బానిసలకి ఒక్క పెన్నీ రాలేదు. పైగా విడుదలయ్యాక కూడా కొన్నేళ్లు "అప్రెంటిస్" పేరుతో అదే యజమాని దగ్గర జీతం లేకుండా చెయ్యమన్నారు. ఇంకో సంగతి. ఆ చట్టానికి ముందు 1831 క్రిస్మస్‌కి జమైకాలో శామ్యూల్ షార్ప్ నాయకత్వంలో వేలమంది బానిసలు పని మానేసి తిరగబడ్డారు. తోటలు తగలబడ్డాయి. షార్ప్‌ని ఉరితీశారు. ఆ భయం లండన్ దాకా వెళ్లింది. కాబట్టి "బ్రిటన్‌లో శాంతిగా అయిపోయింది" అన్నది సగం కథ.

అమెరికాలో పరిహారం ప్రయత్నం కూడా జరిగింది. డెలావేర్ రాష్ట్రంలో మొత్తం బానిసలు 1,800 లోపే. డబ్బిస్తాం, వదిలెయ్యండి అని లింకన్ స్వయంగా కదిపి చూశాడు. ఆ చిన్న రాష్ట్రం కూడా ఒప్పుకోలేదు. వాషింగ్టన్ నగరంలో మాత్రం 1862 ఏప్రిల్‌లో తలకి 300 డాలర్ల దాకా లెక్కగట్టి విడిపించారు. అప్పటికి యుద్ధం మొదలై ఏడాది.

ఇక మాటలతో పోరాడిన వాళ్ల గతి చూడండి. గారిసన్‌ని 1835లో బోస్టన్ వీధుల్లో తాడు కట్టి ఈడ్చారు. దక్షిణాదిలో కాదు, బోస్టన్‌లో! 1837లో ఇల్లినాయ్‌లోని ఆల్టన్‌లో ఎలైజా లవ్‌జాయ్ అనే పత్రికాయన తన ప్రింటింగ్ ప్రెస్‌ని కాపాడుకోబోతే కాల్చి చంపారు. బానిసత్వం మీద వచ్చే అర్జీలను 1836 నుంచి 1844 దాకా ప్రతినిధుల సభ చర్చకే రానివ్వలేదు. పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించమని 1850లో వచ్చిన చట్టం ఇంకా ఘోరం. పట్టుకొచ్చిన మనిషిని బానిస అని తేలిస్తే కమిషనర్‌కి 10 డాలర్లు, కాదని వదిలేస్తే 5 డాలర్లు.

అలాగని బ్రౌన్ చేసిందంతా నాకు మింగుడుపడదు. 1856 మే నెలలో కాన్సస్‌లో పొటావటమీ వాగు దగ్గర రాత్రిపూట ఐదుగురిని ఇళ్లలోంచి లాక్కెళ్లి కత్తులతో నరికారు. వాళ్లు బానిసత్వం ఉండాలన్న పక్షమే, కానీ అందులో డోయల్ అనే ఆయనకి ఒక్క బానిస కూడా లేడు. ఆయన్నీ, ఇద్దరు కొడుకుల్నీ చంపారు. 16 ఏళ్ల చిన్న కొడుకుని తల్లి బతిమాలుకుని దక్కించుకుంది. క్లాసులో ఇది చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నా గొంతు తడబడేది.

వాసు_ఆష్‌బర్న్ · 8:02

అదే అంటున్నా టీచర్ గారూ! చూశారా రవిగారూ?

నల్లగొండ_రవి · 8:10

టీచరమ్మ పది విషయాలు రాస్తే మీకు చివరిదొక్కటే కనిపించిందా?

పుస్తకాల_పురుగు · 9:26

చిన్న మాట. గాంధీగారు మెచ్చుకున్న అమెరికన్ రచయిత థోరో, పన్ను కట్టనని జైల్లో ఒక రాత్రి గడిపిన అదే థోరో, 1859 అక్టోబర్ 30న కాంకర్డ్‌లో నిలబడి జాన్ బ్రౌన్‌ని వెనకేసుకొచ్చాడు. బ్రౌన్‌ని ఇంకా ఉరి తియ్యలేదప్పటికి.

శాంతిపథం · 9:40

అది థోరో అభిప్రాయం. గాంధీగారు ఆయన దగ్గర శాసనోల్లంఘన తీసుకున్నారు, తుపాకీ తీసుకోలేదు. టీచర్ గారూ, బ్రెజిల్ సంగతి వదిలేశారేం?

సుజాత_టీచర్ · 10:12

వదల్లేదండీ, పొడుగైపోతోందని ఆపాను. చట్టం వచ్చేనాటికే బ్రెజిల్‌లో వేలమంది బానిసలు తోటలు వదిలేసి పారిపోతున్నారు. చట్టం చివర్లో వచ్చిన సంతకం. పైగా 1888 అంటే అమెరికా కంటే 23 ఏళ్లు ఆలస్యం. ఆ 23 ఏళ్లు బానిసగా ఉన్నవాడికి అది శాంతియుతం అనిపించి ఉంటుందా?

శాంతిపథం · 10:20

ఆరు లక్షల శవాల కంటే నయమే అనిపించి ఉంటుంది.

నల్లగొండ_రవి · 11:48

వాసుగారూ, మీరు షెపర్డ్ గురించి అడిగారు. నేను డేంజర్‌ఫీల్డ్ న్యూబీ గురించి అడుగుతా. బ్రౌన్‌తో వచ్చిన ఐదుగురు నల్లవాళ్లలో ఒకడు. తను విడుదలయ్యాడు గానీ భార్య హారియెట్, పిల్లలు వర్జీనియాలోనే బానిసలు. మీరుండే చోటికి అంత దూరం కూడా కాదు. డబ్బు కూడబెట్టి వాళ్లని కొనుక్కోవాలని చూశాడు. ఇదే కదా మీరు చెప్పే శాంతి మార్గం? కుదర్లేదు. ఆవిడ ఉత్తరాలు రాసింది: యజమానికి డబ్బు ఇబ్బందిగా ఉంది, నన్ను అమ్మేస్తాడేమో, నువ్వు కొనకపోతే ఇంకెవరో కొంటారు అని. హార్పర్స్ ఫెర్రీలో బ్రౌన్ మనుషుల్లో మొదట చచ్చింది ఈ న్యూబీయే. శవం దగ్గర ఆ ఉత్తరాలు దొరికాయి. తర్వాత హారియెట్‌ని లూసియానాకి అమ్మేశారు.

న్యూబీకి మీరు ఏం సలహా ఇచ్చేవారు? ఇంకో ఆరేళ్లు ఆగమనేనా?

నాకెందుకింత మంట అంటారా, చెప్తా. మా అమ్మమ్మ నిజాం కాలంలో దొర గడీలో వెట్టి చేసింది. ఆరేళ్ల పిల్లప్పుడు నెత్తిన కడవలు. జ్వరమొచ్చినా మానేస్తే తండ్రిని కట్టేసి కొట్టేవాళ్లు. కమ్యూనిస్టుల సాయుధ దళం వాళ్లు వచ్చిన రోజే ఆ ఊళ్లో వెట్టి ఆగింది. అర్జీలు పెట్టుకున్నన్నాళ్లు ఆగలేదు.

శాంతిపథం · 12:05

మోకాలికీ బోడిగుండుకీ ముడి పెడుతున్నారు. అమెరికా బానిసత్వం వేరు, వెట్టి వేరు. వెట్టి మనుషుల్ని సంతలో అమ్మలేదు.

నల్లగొండ_రవి · 12:07

అమ్మలేదు సార్. దొర కూతురి పెళ్లికి ఆడపిల్లల్ని దాసీలుగా వెంట పంపారు. దాన్నేమంటారో మీరే చెప్పండి.

చింటూ_99 · 12:30

పార్కింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు 🙏

వాసు_ఆష్‌బర్న్ · సాయంత్రం 6:55

పొద్దున్నుంచి రాయాలా వద్దా అని ఆగాను. రవిగారూ, మీరు మీ అమ్మమ్మగారి మాట చెప్పారు కాబట్టి నేనూ చెప్తాను.

మాదీ తెలంగాణే. మా తాత ఒక ఊళ్లో పట్వారీ. దొర కాదు, గడీ లేదు, రెండు గదుల పెంకుటిల్లు. 1949లో ఒక రాత్రి దళం వచ్చి తలుపు కొట్టింది. మా నాన్నకి అప్పుడు ఆరేళ్లు. తాతని బయటికి పిలిచారు. పొద్దున చెరువు గట్టు మీద దొరికాడు. మా నాన్నకిప్పుడు ఎనభై దాటాయి. ఈరోజుకీ రాత్రిపూట ఎవరైనా తలుపు కొడితే వెంటనే తియ్యడు, కాసేపు అలా నిలబడిపోతాడు. అమెరికాలో కూడా. పిజ్జా కుర్రాడు బెల్లు కొట్టినా అంతే.

నేను బ్రౌన్ తప్పని వాదించట్లేదు. ఉద్యమం గెలిచాక షెపర్డ్ లాంటి వాడి పేరు ఎవరూ ఎత్తరు, ఎత్తితే "నువ్వు దొరల పక్షమా" అంటారు. నాకు చిన్నప్పటి నుంచి అదే అన్నారు.

నల్లగొండ_రవి · 7:20

దొర పొలం ఎంత, ఎవరు ఎన్నిరోజులు వెట్టికి రావాలి, ఎవరు బాకీ, ఆ లెక్కలు రాసింది పట్వారీలే కదా వాసుగారూ.

సుజాత_టీచర్ · 7:24

రవీ, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పుస్తకాల_పురుగు · 7:31

అమ్మో.

శాంతిపథం · 7:45

ఇందుకే నేను హింస వద్దన్నది. డెబ్బై ఐదేళ్లయినా మంట ఆరలేదు.

నల్లగొండ_రవి · రాత్రి 11:50

శాంతిపథం గారూ, మంట పెట్టింది దళం కాదు, అంతకు ముందే అంటుకుని ఉంది. మీరు పొగ ఎక్కణ్నుంచి చూశారో అక్కణ్నుంచి లెక్కపెడుతున్నారు.

టీచరమ్మా, అన్నది వెనక్కి తీసుకోను. అది అబద్ధం కాదు. కానీ షెపర్డ్ లెక్కలు రాసిన మనిషి కాదు, సామాన్లు మోసిన మనిషి. వాసుగారు ఆయన్ని, వాళ్ల తాతని ఒకే గాట కడితే నేను ఒప్పుకోను. షెపర్డ్‌ని చంపడం తప్పే. రాత్రి చీకట్లో ఆగమంటే ఆగలేదని కాల్చారు. అందులో న్యాయం ఏమీ లేదు. ఈ ముక్క నిన్ననే రాసి ఉండాల్సింది, రాయలేదు.

వాసుగారూ, మీ నాన్నగారికి ఆరేళ్లని రాశారు. మా అమ్మమ్మదీ ఆ వయసే, నేను పైన రాసింది. ఇద్దరూ ఒకే ఈడు వాళ్లయి ఉంటారు.

వాసు_ఆష్‌బర్న్ · సోమవారం తెల్లవారుజామున 1:15

మీది ఏ ఊరు?

నల్లగొండ_రవి · 1:18

ఎందుకు?

చింటూ_99 · ఉదయం 8:40

నేనే కనుక్కున్నా. విజిటర్ సెంటర్ దగ్గర కారు పెట్టేసి షటిల్ బస్సు ఎక్కాలంట. ఊళ్లోకి కారు తీసుకెళ్తే దొరకడం కష్టమంట.