పదో పెళ్ళిరోజుకి బ్యూఫర్ట్: ఊరికే కూర్చోవడానికి అంత దూరం వెళ్ళాలా?

రెండోకాఫీ (షార్లెట్)
వచ్చే నెలలో మా పదో పెళ్ళిరోజు. ఈసారి బీచ్ వద్దు, కొండల్లో గ్యాట్లిన్‌బర్గ్ వద్దు, ఇంకో ఆరు కుటుంబాలతో క్యాబిన్ అసలే వద్దు అనుకున్నాం. ఇక్కడ అమెరికాలోనే, సౌత్ కరోలినాలో బ్యూఫర్ట్ అని చిన్న ఊరుంది. జనాభా పద్నాలుగు వేల దాకా ఉంటుంది. 1711లో వెలిసింది, ఆ రాష్ట్రంలో చార్లెస్టన్ తర్వాత అంత పాత ఊరు అదే. నది ఒడ్డున పార్కులో పెద్ద పెద్ద ఉయ్యాల బల్లలు ఉన్నాయట. మా ప్లాన్ అంతా ఇంతే: శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరడం, పాత ఇంటిని బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌గా మార్చిన చోట రెండు రాత్రులు ఉండటం, ఉయ్యాల మీద కూర్చోవడం, ఆదివారం తిరిగి రావడం. పిల్లలకి ఏడేళ్ళు, నాలుగేళ్ళు. ఇంట్లో అత్తయ్యగారు, మావయ్యగారు ఉన్నారు, కాకినాడ నుంచి వచ్చి రెండు నెలలైంది. పిల్లలు వాళ్ళ దగ్గర ఉంటారు.
మా ఫ్రెండ్స్‌లో సగం మంది "అక్కడేముంది?" అంటున్నారు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

లెక్కలమావయ్య (అట్లాంటా)
అమ్మా, కటువుగా చెప్తున్నానని ఏమనుకోకు. షార్లెట్ నుంచి పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. ఎనిమిది గంటలు కారులో కూర్చునేది ఉయ్యాల మీద కూర్చోవడానికా? రెండేళ్ళ క్రితం హిల్టన్ హెడ్ దీవి నుంచి వస్తూ మేం ఆ ఊళ్ళో ఆగాం. అక్కడి మెయిన్ రోడ్డు బే స్ట్రీట్. ఈ చివర నుంచి ఆ చివరకి పావుగంటలో నడిచేశాం. మేం కాఫీ తాగాం, పిల్లలు ఐస్‌క్రీం తిన్నారు, ఊరు అయిపోయింది. ఒక పాత ఇంట్లో రూమ్ ఎంతని అడిగితే రాత్రికి 290 డాలర్లన్నారు. పక్కన జార్జియాలో సవన్నా సిటీలో ఉండండి, అక్కణ్ణించి ఈ ఊరు గంట దూరమే. ఒక పూట వెళ్ళి ఇది చూసేసి వచ్చేయండి.

పచ్చిపులుసు
శాకాహారులైతే అక్కడి ఫ్రాగ్‌మోర్ స్ట్యూ పేరు చూసి భయపడకండి, అందులో కప్ప ఉండదు. రొయ్యలు, సాసేజ్ ఉంటాయి. కాబట్టి భయపడండి.

దారితప్పినవాడు (రాలీ)
ముందు ఏ ఊరో తేల్చుకోండి. ఇంగ్లీషులో రెండిటికీ స్పెల్లింగ్ ఒకటే. సౌత్ కరోలినాది "బ్యూఫర్ట్", నార్త్ కరోలినాది "బోఫర్ట్". నార్త్‌ది కూడా పాతదే, 1709 నాటిది. అక్కడా నీళ్ళు, పడవలు, తెల్ల వరండాల ఇళ్ళు. రూమ్ బుక్ చేసే సైట్‌లో ఫొటోలు చూసి కనిపెట్టడం కష్టం. నాకెలా తెలుసో అడగొద్దు.

రెండోకాఫీ
అడుగుతున్నాను.

దారితప్పినవాడు
సౌత్‌లో ఉన్న ఊళ్ళో డిన్నర్ టేబుల్. నార్త్‌లో ఉన్న ఊళ్ళో రూమ్. మధ్యలో కారులో మా ఆవిడ.

ఓడరేవు (సవన్నా)
నేను నాలుగుసార్లు వెళ్ళాను. లెక్కలమావయ్య గారూ, బే స్ట్రీట్‌లో ఐస్‌క్రీం తిని ఊరంతా చూసేశానంటే ఎలాగండీ. వెనక నాలుగైదు వీధులు దాటి ప్రిన్స్ స్ట్రీట్‌కి వెళ్ళారా? అక్కడ 511 నంబరు ఇల్లుంది. ఆ ఇంటి వెనక బానిసలుండే గదిలో 1839లో రాబర్ట్ స్మాల్స్ పుట్టాడు. అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న 1862లో, మే 13న ఇంకా తెల్లారకముందే, చార్లెస్టన్ రేవులో తెల్ల ఆఫీసర్లు ఒడ్డున పడుకుని ఉండగా, కాన్ఫెడరేట్లు, అంటే బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది వాళ్ళు, వాడుకుంటున్న ప్లాంటర్ అనే ఓడని తోటి బానిసలతో కలిసి బయటికి తీసేశాడు. భార్యాపిల్లల్ని ఎక్కించుకున్నాడు. కెప్టెన్ గడ్డిటోపీ తన తలమీద పెట్టుకుని, ఒక్కో కోట దాటేటప్పుడు వేయాల్సిన విజిల్ సరిగ్గా వేసుకుంటూ వెళ్ళి ఉత్తరాది యూనియన్ నౌకల చేతికి ఆ ఓడని అప్పజెప్పాడు. దొరికితే చావే. తర్వాత పన్ను బకాయిల కింద ఆ ఇల్లు వేలానికొస్తే కొనుక్కున్నాడు. ఏ ఇంట్లో బానిసగా పుట్టాడో ఆ ఇంటికే యజమాని అయ్యాడు. అయిదుసార్లు అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు.
నేను వెళ్ళినప్పుడు లోపలికి టూర్లేమీ లేవు, వీధిలో నిలబడి చూశాం. మా ఆవిడ అరగంట నిలబడింది. మీ పావుగంటలో ఇది పట్టదు.

లెక్కలమావయ్య
సరే, అరగంట వేసుకోండి. మిగతా 47న్నర గంటలు?

నీలిమందు (కొలంబియా)
ఓడరేవు గారు మంచి కథ చెప్పారు. కానీ ఈవిడ అడిగింది చూసే ఇంటి గురించి కాదు, పడుకునే ఇంటి గురించి. ఆ పెద్ద వరండాల ఇళ్ళు ఎవరివి? పక్క దీవుల్లో మొదట నీలిమందు, తర్వాత పత్తి పండించి డబ్బు చేసుకున్నవాళ్ళవి. పండించిన చేతులు మాత్రం వాళ్ళవి కావు. 1861 నవంబర్ 7న ఉత్తరాది నౌకాదళం పక్కనున్న పోర్ట్ రాయల్ రేవు మీద పడగానే ఆ దొరలు ఇళ్ళు వదిలి పారిపోయారు. దీవుల్లో సుమారు 10,000 మంది బానిసలు మిగిలారు. ఆ దొర ఇంట్లో మంచం మీద గులాబీ రేకులు చల్లించుకుని పెళ్ళిరోజు చేసుకోవడం నాకైతే మనసొప్పదు.

ఓడరేవు
వాళ్ళు పారిపోబట్టే కదండీ ఇళ్ళు మిగిలాయి. యూనియన్ సైన్యం వాటిని ఆస్పత్రులుగా, ఆఫీసులుగా వాడుకుంది, అందుకే తగలబెట్టలేదు. 1862లోనే పక్కన సెయింట్ హెలీనా దీవిలో, అప్పుడే విడుదలైనవాళ్ళ కోసం పెన్ స్కూలు పెట్టారు. ఆ తర్వాత నూరేళ్ళకి మార్టిన్ లూథర్ కింగ్ తన వాళ్ళతో సమావేశాలు పెట్టుకున్నది అక్కడే. ఆ దారిలోనే ఒక పాడుబడ్డ ప్రార్థనా మందిరం ఉంది, గోడలన్నీ ట్యాబీ. అంటే ఆల్చిప్పలు కాల్చిన సున్నం, ఇసుక, నీళ్ళు కలిపి, అందులోనే చిప్పలు కూడా పోసిన గచ్చు. వేలు పెడితే చిప్ప అంచు గీరుకుంటుంది. ఆ గోడ ఎవరు కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరికి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుంటే ఇవేవీ తెలియవు.

నీలిమందు
నాకు చరిత్ర పాఠం వద్దండీ, ఇక్కడే పదహారేళ్ళుగా ఉంటున్నాను. ఆ చరిత్ర బ్రేక్‌ఫస్ట్ బల్ల మీద ఉంటుందా అని అడుగుతున్నాను. మేం ఒకసారి ఇలాంటి పాత ఇంట్లోనే దిగాం, ఊరు వేరు. గోడ మీద ఒక పెద్దాయన పటం ఉంది. ఎవరని అడిగితే "ఆయనకి గులాబీ మొక్కలంటే ప్రాణం" అన్నారు. పెరట్లో ఇటుక గది చూపించి "అది అప్పటి వంటిల్లు" అన్నారు. వండేవాళ్ళు ఎక్కడ పడుకునేవారు అన్నాను. "అక్కడే, పైన" అని, వెంటనే "మీకు గుడ్డు ఎలా కావాలి?" అన్నారు. ఆ గుడ్డు నాకు దిగలేదు.

పచ్చిపులుసు
భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూద్దామని బయల్దేరి, బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తిని వచ్చేసే జాతి మనది. ఇంత లోతుకి ఎందుకు వెళ్తున్నారు?

లెక్కలమావయ్య
పాపపుణ్యాలు పక్కనపెట్టండి. నేనడిగేది ఒక్కటే. శనివారం పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా పన్నెండు గంటలు. ఏం చేస్తారు? లెక్క చెప్పండి.

ఓడరేవు
లెక్క కావాలా? మేం ఉయ్యాల మీద కూర్చున్నప్పుడు ఎదురుగా వుడ్స్ బ్రిడ్జి. ఎత్తయిన పడవ వచ్చినప్పుడు గేట్లు పడతాయి, వంతెన మధ్య ముక్క మెల్లగా పక్కకి తిరుగుతుంది. రెండువైపులా కార్లు బారులు తీరాయి. ఒక్క హారన్ లేదు. ఒకాయన కారు దిగి, బానెట్‌కి ఆనుకుని పడవని చూస్తున్నాడు. పొద్దున నిండుగా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి వెనక్కి పోయి, గడ్డి మధ్య బురద, ఆల్చిప్పల గుట్టలు బయటపడ్డాయి. మేం భోంచేసి వచ్చేసరికి ఆ చోటు వేరేగా ఉంది. మా ఆవిడ తన చిన్నప్పటి టీచర్ గురించి ఏదో చెప్పింది. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో నేనది వినలేదు.
అలాగని అంతా స్వర్గం అనుకోవద్దు. వసంతంలో, శరత్కాలంలో కంటికి కనపడని చిన్న పురుగులు కుట్టి చంపుతాయి. దగ్గర్లో మెరైన్ల (అమెరికా సైనిక దళం) విమానాల స్థావరం ఉంది, మీరు మాట్లాడుతుంటే నెత్తి మీద జెట్ పోతుంది. ఇంకోటి, పక్కనే పారిస్ ఐలాండ్ అనే దీవిలో కొత్త మెరైన్ల శిక్షణ పూర్తయ్యే కార్యక్రమం మామూలుగా శుక్రవారం ఉంటుంది. ఆ వారం తల్లిదండ్రులు దిగిపోతారు, రూములు దొరకవు. తేదీ చూసుకుని బుక్ చేసుకోండి.

రెండోకాఫీ
థాంక్స్ అండీ, నాకు కావలసింది ఇదే. మా పెళ్ళయిన పదేళ్ళలో మేమిద్దరమే కలిసి వెళ్ళిన ఊరు ఒకటి: వీసా స్టాంపింగ్‌కి చెన్నై.

లెక్కలమావయ్య
వంతెన తిరగడం చూడటానికి తీరిక ఎక్కణ్ణించి వస్తుందమ్మా? ఇంట్లో జీతం లేని మనుషులు ఇద్దరుంటే వస్తుంది. వాళ్ళు ఇరవై రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చింది మీ పిల్లలకి అన్నం కలిపి పెట్టడానికా? వాళ్ళని ఏ ఊరు తీసుకెళ్ళారు ఈ రెండు నెలల్లో?

రెండోకాఫీ
మీకెందుకండీ? నేనడిగింది ఊరి గురించి.

నీలిమందు
ఆయన చెప్పిన తీరు బాగాలేదు కానీ, ఆయనా నేనూ ఒకటే అడుగుతున్నామని ఇప్పుడు అర్థమైంది. మనం ఉయ్యాల మీద కూర్చుంటే అక్కడ పని ఎవరు చేస్తున్నారు? అప్పుడూ అదే ప్రశ్న, ఇప్పుడూ అదే.

రెండోకాఫీ
ఏమన్నారు? మా అత్తమామల్ని బానిసలతో పోలుస్తున్నారా? ఒక్క శనివారం మనవల్ని చూసుకోవడం, పత్తి చేలో కొరడా దెబ్బలు తినడం మీకు ఒకటేనా? పదహారేళ్ళు అక్కడ ఉండి మీరు నేర్చుకున్నది ఇదా? ఆ మాట స్మాల్స్ ఇంటి ముందు నిలబడి అనండి చూద్దాం.

పచ్చిపులుసు
పాప్‌కార్న్.

నీలిమందు
పోలిక తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఇంట్లో దిగడం గురించి అన్నది మాత్రం తీసుకోను.

లెక్కలమావయ్య
నేను నాది వెనక్కి తీసుకోను. 2011లో మా అమ్మ వచ్చింది, ఆరు నెలలకి. అప్పుడు మాకు ఇద్దరు చంటిపిల్లలు. ప్రతి లాంగ్ వీకెండ్‌కీ "అమ్మ చూసుకుంటుందిలే" అని మేం వెళ్ళిపోయేవాళ్ళం. చార్లెస్టన్, యాష్‌విల్, ఇంకా ఏవో. అమ్మ చూసిన అమెరికా మా అపార్ట్‌మెంట్ పార్కింగ్, కాస్ట్‌కో, గుడి. తిరిగి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో "ఇక్కడ చెట్లు బాగున్నాయిరా" అంది. మళ్ళీ రమ్మంటే మోకాళ్ళ నొప్పులంది. పెద్దపురంలో అరవై మెట్లెక్కి గుడికి వెళ్ళే మనిషి.
అందుకే మాకు ఇప్పుడు ఏ ఊరు వెళ్ళినా పావుగంటే. ఎక్కువసేపు కూర్చుంటే అదే గుర్తొస్తుంది.

ఓడరేవు
ఈ మాట మొదటి పోస్టులోనే రాసి ఉంటే సరిపోయేది కదండీ. డ్రైవింగు లెక్కలు ఎందుకు?

లెక్కలమావయ్య
డ్రైవింగ్ కూడా ఎక్కువే.

రెండోకాఫీ
మీ అమ్మగారి విషయం చదివాక కోపం సగం పోయింది. కానీ నా వైపు కూడా వినండి. "పెద్దవాళ్ళుండగా మనం ఎలా వెళ్తాం" అని మా ఆయన, "పిల్లల్ని ఎవరి దగ్గర వదులుతాం" అని నేను. పెద్దవాళ్ళు ఉంటే ఒక అడ్డు, లేకపోతే ఇంకో అడ్డు. మరి ఎప్పుడు వెళ్ళాలి? రిటైరయ్యాకా?

నీలిమందు
వాళ్ళని అడిగారా?

రెండోకాఫీ
చెప్పాం.

నీలిమందు
చెప్పడం కాదు, అడగడం.

రెండోకాఫీ
(మర్నాడు)
నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "అత్తయ్యా, మీకు ఇబ్బందైతే మానేస్తాం, లేదా మీరూ రండి" అన్నాను. ఆవిడ మావయ్యగారి వైపు చూశారు. ఆయన పెరుగన్నంలోకి చూశారు. కాసేపాగి అత్తయ్య అన్నారు: "మీరు పిల్లల్ని కూడా తీసుకుపోండమ్మా. వచ్చిన దగ్గర్నుంచి మీ మావయ్యా నేనూ నిమ్మళంగా కూర్చుని ఒక కప్పు కాఫీ తాగింది లేదు. రెండు రోజులు ఇంట్లో మేమిద్దరమే ఉంటాం."
వెళ్ళే ముందు టీవీ రిమోట్‌లో ఏ బటన్ ఏదో కాగితం మీద తెలుగులో రాసి పెట్టమన్నారు. దోసెల పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. అంతే.

పచ్చిపులుసు
అసలు పెళ్ళిరోజు ట్రిప్ వాళ్ళది.

లెక్కలమావయ్య
అత్తగారికి నా నమస్కారం చెప్పమ్మా.

రెండోకాఫీ
చెప్తాను. నీలిమందు గారూ, మీరు గెలిచారనుకోకండి. మేం చూసుకున్న ఆ పాత ఇంట్లో పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరట. అందుకని మామూలు హోటల్లో రెండు పెద్ద మంచాల రూమ్ తీసుకున్నాం, ఇందాకే బుక్ చేశాను. ఓడరేవు గారూ, ఆ ఉయ్యాల మీద నలుగురు పడతారా?

ఓడరేవు
నాలుగేళ్ళది ఒళ్ళో కూర్చుంటే పడతారు.

దారితప్పినవాడు
కన్ఫర్మేషన్ మెయిల్‌లో ఊరి పేరు పక్కన ఏ రాష్ట్రం ఉందో చూశారా?

రెండోకాఫీ
ఒక్క నిమిషం.