బి షార్ప్, ఎఫ్ ముందు ఇంటూ గుర్తు: ఏ మెట్టు నొక్కాలి?

ప్రశ్న (విజయనగరం): గాత్రం వచ్చు, పియానో నోట్స్ చదవడం కొత్త. సి షార్ప్ మైనర్ పాఠంలో వరస మొదట్లో వేసిన నాలుగు షార్ప్‌లు అర్థమయ్యాయి. మధ్యలో బి ముందు షార్ప్ వచ్చింది. బి పక్కన నల్ల మెట్టే లేదు కదా! ఇంకోచోట ఎఫ్ ముందు ఇంటూ గుర్తు ఉంది. అచ్చుతప్పులా?

జవాబు: కావండి. షార్ప్ అంటే నల్ల మెట్టు అని కాదు, కుడివైపు ఆనుకుని ఉన్న మెట్టు, ఏ రంగుదైనా సరే. బి షార్ప్ అంటే తెల్ల సి. అలాగే ఇ షార్ప్ ఎఫ్, ఫ్లాట్ అంటే ఎడమవైపు ఆనుకుని ఉన్న మెట్టు కాబట్టి సి ఫ్లాట్ బి.

ఇంటూ గుర్తు డబుల్ షార్ప్. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: ఎఫ్‌కి మొదట్లోనే షార్ప్ ఉంది కాబట్టి అక్కణ్ణించి మరో రెండు మెట్లు ఎక్కి జి షార్ప్ నొక్కేస్తారు. లెక్క ఎప్పుడూ తెల్ల ఎఫ్ నుంచే. రెండు మెట్లు జరిగితే తెల్ల జి.

ప్రశ్న: మరి తిన్నగా సి, జి అనే రాయొచ్చుగా మేస్టారూ?

జవాబు: మీకు గాత్రం వచ్చు కాబట్టి 36వ మేళకర్త చలనాట చూడండి. షట్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం ఒకే స్థానం. అయినా అక్కడ రిషభం అనే అంటాం. ఎందుకంటే అంతర గాంధారం ఉండనే ఉంది, గాంధారం అంటే రి లేకుండా పోతుంది. ఇక్కడా అంతే. సి షార్ప్ షడ్జమం అయితే దాని కింది నిషాదానికి బి అక్షరమే రావాలి. సి అని రాస్తే బి చోటు ఖాళీ, ఒకే చోట సి, సి షార్ప్ రెండూ పడి గుర్తులు మాటిమాటికీ మార్చాలి.

మరొకరు: గుర్తు ఎంతవరకో కూడా చూసుకోండి. ఆ బార్ (రెండు నిలువు గీతల మధ్య భాగం) ముగిసే గీత వరకే, ఆ ఆక్టేవ్‌లోని (స్థాయిలోని) ఆ స్వరానికే. టై (ఒకే స్వరాన్ని కొనసాగించే వంపు గీత) కట్టిన స్వరానికి మాత్రం గీత దాటినా ఉంటుంది. తర్వాతి బార్‌లో ఎఫ్ ముందు ఏమీ లేకపోతే అది మళ్లీ ఎఫ్ షార్ప్, తెల్ల ఎఫ్ కాదు. అదే బార్‌లో వెనక్కి రావాలంటే ఒక్క షార్ప్ వేస్తారు. పాత అచ్చుల్లో నేచురల్ (ముందు గుర్తును రద్దుచేసేది), షార్ప్ కలిపి ఉంటాయి. బ్రాకెట్లో ఉన్న గుర్తు గుర్తుచేయడానికే.

బి షార్ప్ నెత్తిన పెన్సిల్‌తో సి అని రాసుకోకండి, చదవడం అలవడదు. తర్వాతి స్వరం చూడండి: బి షార్ప్ చాలావరకు సి షార్ప్‌కీ, ఎఫ్ డబుల్ షార్ప్ జి షార్ప్‌కీ ఎక్కుతాయి. మీ వేలు పక్క మెట్టుకే జరిగిందంటే సరిగా నొక్కినట్టే.