గడీలో పుట్టిన ప్రేమను ప్రేమ అనవచ్చా?

సూర్యాపేట పాఠకురాలు:
మా పఠన బృందంలో ఒక చారిత్రక నవల చిత్తుప్రతి చదువుతున్నాం. కాలం 1946, చోటు నల్లగొండ జిల్లాలో ఒక గడీ, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. దొర కూతురికి పెళ్ళి చేసి, వెంట ఒక ఆడబాపను, అంటే దాసిని, పంపుతారు. కొన్నాళ్ళకు ఆ ఇద్దరు స్త్రీలూ ప్రేమలో పడతారు. నాకు చాలా నచ్చింది. కొందరు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

దేవరకొండ పంతులు:
ఆ కాలానికి ఇది అతకదమ్మా. తెలంగాణ రైతాంగ పోరాటంలో జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఏడాది అది. జనం భూమి కోసం, వెట్టి పోవాలని ప్రాణాలకు తెగించి ఉన్నారు. ఇప్పటి ఆలోచనలను అప్పటివాళ్ళకు అంటగట్టకండి.

పాలమూరు ఆడపడుచు:
ఇప్పటి ఆలోచన కాదు సార్. ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయి కథ ‘లిహాఫ్’ 1942లోనే వచ్చింది. అదీ ఒక బేగం, ఆమె పరిచారికల కథే. లాహోరులో అశ్లీలత కేసు పెట్టినా నిలవలేదు. అయినా ప్రాణాలకు తెగించినవాళ్ళకు మనసు ఉండదా?

నా అభ్యంతరం వేరు. ఆడబాప అంటే పెళ్ళిలో సామానుతో పాటు ఇచ్చిన మనిషి. దొరసాని కాళ్ళు పట్టాలి, ఆ ఇంటి మగవాళ్ళు పిలిచినా వెళ్ళాలి. కాదనే దారే లేదు. మీ చిత్తుప్రతి నేనూ చదివాను. దొరసాని ఆమెను పీట మీద కూర్చోబెట్టి, తలకు నూనె రాసి, చిక్కు తీసి జడ వేసే ఘట్టం ఎంతో అందంగా ఉంది. కానీ కూర్చోమంటే కూర్చుంది, అంతే. దాన్ని ఇష్టమని రాయడమే నాకు మింగుడు పడలేదు.

సూర్యాపేట పాఠకురాలు:
ఆడబాపకు కోరికే ఉండదనడం ఇంకా అన్యాయం కాదా అక్కా?

పాలమూరు ఆడపడుచు:
ఎందుకుండదు? ఉంటుంది. అది తనదేనని ఆమెకు తెలిసే చోటు కావాలి. ఆమెను గడీ దాటి, దొరల మీద పోరాడే సంఘంలో చేరనివ్వండి. దొరసానిని కూడా ఆ ఇల్లు వదిలి రానివ్వండి. అప్పుడు అడగమనండి. ఈమె వద్దన్నా బతుకు చెడని చోట ‘సరే’ అంటే, అది ప్రేమ. లేదా సాయుధ పోరాట దళంలో తనలాంటి మరో స్త్రీ మీద మనసు పడనివ్వండి, ఇంకా మంచిది.

దేవరకొండ పంతులు:
అలా రాస్తే చదువుతాను. కానీ దళాన్ని స్వర్గంగా చూపకండి. ఆడామగల సంబంధాల్లోనే కమ్యూనిస్టు పార్టీ జోక్యం చేసుకునేదని ఆనాటి స్త్రీలు చెప్పారు. స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం వాళ్ళ మాటలను 1986లో పుస్తకంగా తెచ్చింది. ఈ ఇద్దరి సంగతి తెలిస్తే అక్కడ ఎవరు ఊరుకుంటారు?

సూర్యాపేట పాఠకురాలు:
ఆ గొడవా నవలలో ఉండాల్సిందే సార్. జడ ఘట్టం మాత్రం తీసేయమని చెప్పను. ఆడబాప వైపు నుంచి తిరగరాయమంటాను.