విండోస్ లేకుండా కే40 లేజర్ యంత్రాన్ని లినక్స్ కంప్యూటరుతో నడపవచ్చునా?

చెక్కపలక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో కే40 రకం లేజర్ ఎన్‌గ్రేవర్ ఉంది. గుమ్మం పక్కన బిగించుకునే నేమ్ ప్లేట్లు, గృహప్రవేశాలకు ఇచ్చే చిన్న జ్ఞాపికలు టేకు చెక్క మీద, ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసే పలక) మీద చెక్కి ఇస్తుంటాను. మూడేళ్ల క్రితం ఈ యంత్రాన్ని సెకండ్‌హ్యాండులో కొన్నప్పుడు, అమ్మినాయన తన పాత విండోస్ 7 ల్యాప్‌టాప్‌ను కూడా దానితోపాటే ఇచ్చారు. కోరెల్ లేజర్ అనే ప్రోగ్రాము, దానికి తాళంచెవిలా పనిచేసే యూఎస్‌బీ డాంగిల్, ఆ ల్యాప్‌టాప్, ఈ మూడూ ఒకచోట ఉంటేనే యంత్రం కదిలేది. పోయిన నెలలో ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోయింది. బాగుచేయించడానికి అడిగిన సొమ్ము యంత్రం కొన్న ధరలో సగం ఉంది.

ఇంట్లో ఉన్న మరో కంప్యూటరులో లినక్స్ మింట్ 22 ఉంది. పిల్లల చదువుకూ, నా లెక్కలకూ అదే ఆధారం కాబట్టి దాన్ని చెరిపి విండోస్ వేయడం నాకు ఇష్టం లేదు. యంత్రాన్ని దీనికి తగిలిస్తే సీరియల్ పోర్టు ఏదీ కనిపించడం లేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించే వైన్ ద్వారా కోరెల్ లేజర్‌ను తెరవబోతే, డాంగిల్ దొరకలేదని చెప్పి మూసుకుపోయింది. లేజర్ యంత్రాలను నడిపే ఇతర ప్రోగ్రాములలో లేజర్‌జీఆర్‌బీఎల్ విండోస్‌కు మాత్రమే ఉందనీ, లైట్‌బర్న్ ఈ బోర్డుతో మాట్లాడదనీ తెలుసుకున్నాను. వెనుక మూత విప్పి చూస్తే బోర్డు మీద "6సీ6879-లేజర్-ఎం2:9" అని ముద్రించి ఉంది. బోర్డు మార్చక తప్పదా, లేక ఉన్నదానితోనే లినక్స్ నుంచి పని చేయించుకునే దారి ఉందా? ఇప్పటికే అడ్వాన్సు తీసుకున్న పలకలు రెండు ఉన్నాయి. వాటి డిజైన్లు కోరెల్‌డ్రా ఫైళ్లలో, అను ఫాంట్లలో ఉన్నాయన్నది మరో చిక్కు.

సన్నతీగ

బోర్డు మీది సంఖ్య చూసి రాయడం వల్ల సగం పని తేలికైంది. అది లిహుయు సంస్థ తయారుచేసే ఎం2 నానో బోర్డు. దాన్ని మార్చనవసరం లేదు. విండోస్ కావలసింది కోరెల్ లేజర్ ప్రోగ్రాముకు, డాంగిల్ కావలసిందీ దానికే. బోర్డుకు కావలసింది యూఎస్‌బీ తీగ మీదుగా 30 బైట్ల చొప్పున వచ్చే ఆజ్ఞల పొట్లాలు, వాటి చివర సరిచూసుకోవడానికి ఒక సంఖ్య మాత్రమే. పొట్లం సరిగ్గా అందితే అందిందని బోర్డు జవాబిస్తుంది, లేకపోతే మళ్లీ పంపమంటుంది. ఈ భాషను ఓపికగా విడమరచి తెలుసుకున్నవారు రెండు ఉచిత ప్రోగ్రాములు రాసి పెట్టారు. ఒకటి స్కార్చ్‌వర్క్స్ వారి కే40 విస్పరర్, రెండవది మీర్‌కే40టీ. రెండూ పైథాన్‌లో రాసినవే కనుక లినక్స్‌లో నడుస్తాయి, రెండింటికీ డాంగిల్ అక్కరలేదు.

మీకు సీరియల్ పోర్టు కనిపించకపోవడం లోపం కాదు. జీఆర్‌బీఎల్ అనే నియంత్రణ ప్రోగ్రాముతో నడిచే చిన్న డయోడ్ లేజర్ యంత్రాలలో తరచుగా సీహెచ్340 అనే చిప్ ఉంటుంది, అది కంప్యూటరుకు సీరియల్ పోర్టుగానే పరిచయం అవుతుంది. మీ బోర్డులోని సీహెచ్341 చిప్ అదే ఇంటిదైనా, ఇక్కడ దాన్ని పాత ప్రింటర్ల తరహాలో సమాంతర పద్ధతిలో వాడారు. టెర్మినల్‌లో, తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) ఆజ్ఞ ఇచ్చి చూడండి. జాబితాలో 1ఎ86:5512 అన్న గుర్తు ఉంటే యంత్రమూ కంప్యూటరూ ఒకదానినొకటి చూసుకున్నట్టే. నేను ఈ సంగతి తెలియక రెండు వారాలపాటు లేని పోర్టు కోసం వెతికాను.

తరువాత ఎదురయ్యేది అనుమతి సమస్య. ఆ పరికరాన్ని తాకే హక్కు లినక్స్ మామూలు వాడుకరికి ఇవ్వదు కాబట్టి, ప్రోగ్రాము తెరుచుకుంటుంది గానీ యంత్రం దొరకలేదంటుంది. సూడోతో, అంటే నిర్వాహకుడి హక్కులతో, నడిపితే పనిచేస్తుంది, కానీ రోజూ అలా నడపడం మంచిది కాదు. విస్పరర్‌తోపాటు వచ్చే రీడ్‌మీ ఫైలులో చెప్పినట్టు ఒక గుంపును సృష్టించి, మీ పేరును అందులో చేర్చి, పైన చెప్పిన గుర్తులోని రెండు సంఖ్యలతో యూడెవ్ నియమం (ఏ పరికరాన్ని ఎవరు తాకవచ్చో లినక్స్‌కు చెప్పేది) ఒకటి రాసుకోండి. ఆ తరువాత లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావడం మరచిపోవద్దు, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మింట్ 22లో పైథాన్ ప్యాకేజీలను నేరుగా వ్యవస్థలో వేయనివ్వదు కనుక, ముందు ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (పైథాన్ ప్యాకేజీలకు విడిగా ఒక గది లాంటిది) తయారుచేసుకుని అందులో వేసుకోవాలి.

విస్పరర్‌లో పద్ధతి చాలా సరళం. ఎస్‌వీజీ ఫైలులో (బొమ్మను గీతలుగా దాచే ఫైలు) నిఖార్సైన ఎరుపు రంగు గీత కోతకు, నిఖార్సైన నీలి రంగుది గీత వెంబడి చెక్కడానికి, మిగిలినదంతా అడ్డంగా అటూ ఇటూ తిరిగి నింపడానికి వెళ్తుంది. ఎరుపు కొంచెం తేడాగా ఉన్నా అది కోతగా లెక్కకు రాదు. సెట్టింగులలో బోర్డు పేరు లేజర్-ఎం2 అని ఉందో లేదో చూసుకోండి, వేరే పేరు ఉంటే వేగాలు తప్పుతాయి. ఇక శక్తి ఎంతో ఈ బోర్డు నిర్ణయించలేదు. లేజర్‌ను వెలిగించడం, ఆర్పడం మాత్రమే దానికి తెలుసు. ఎన్ని మిల్లీ ఆంపియర్లన్నది మీరు యంత్రం మీది నాబ్‌తోనే పెట్టుకోవాలి.

లినక్స్ లోపలే మరో కంప్యూటరులా నడిచే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ వేసుకోమని ఎవరైనా చెప్పవచ్చు. ఏడాదిపాటు నేను ఆ దారిలోనే నడిచాను. యంత్రాన్నీ డాంగిల్‌నూ రెండింటినీ ప్రతిసారీ లోపలి విండోస్‌కు అప్పగించాలి. అన్నీ కుదిరినా, నింపే పనిలో డేటా సమయానికి అందక లేజర్ తల ఆగి ఆగి కదిలేది. విస్పరర్‌కు మారిన రోజే ఆ బాధ తీరింది.

ఎర్తుపిన్ను

పైన చెప్పిన దానికంతటికీ ముందు ఒక మాట. ప్రోగ్రాము మార్చాక కూడా పని మధ్యలో యూఎస్‌బీ తెగిపోతుంటే లినక్స్‌ను అనుమానించకండి, మీ ఇంటి ఎర్తింగును చూడండి. లేజర్ ట్యూబుకు వెళ్లే తీగలో పదివేల వోల్టులకు పైగా ఉంటుంది. లేజర్ వెలిగిన ప్రతిసారీ ఆ సరఫరా నుంచి వచ్చే అలజడి పక్కనే ఉన్న యూఎస్‌బీ తీగలోకి ఎక్కుతుంది. మా ఇంట్లో సాకెట్టుకు మూడు రంధ్రాలూ ఉన్నాయి గానీ, మూడవదాని వెనుక తీగే లేదు. మల్టీమీటరుతో కొలిస్తే ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 వోల్టుల దగ్గర చూపాలి, మా సాకెట్టులో 90 దగ్గర ఊగిసలాడింది. ఎలక్ట్రీషియనుతో సరైన ఎర్తు వేయించి, యంత్రం వెనుక ఉన్న ఎర్తు స్క్రూకు కూడా తీగ బిగించాక ఒక్కసారి కూడా తెగలేదు. ఇది ప్రాణానికి సంబంధించిన విషయం కూడా, పెట్టె మొత్తం ఇనుమే కదా. యూఎస్‌బీ తీగ మీటరున్నరకు మించకుండా, చివర ఫెర్రైట్ గుండు ఉన్నది తీసుకోండి. నిప్పు అంటుకుంటే ప్రోగ్రాములోని ఆపు బటన్ కోసం మౌస్‌తో వెతకకుండా, యంత్రం మీది స్విచ్చునే నొక్కండి.

వత్తుపొల్లు

అక్షరాల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే నేను పదిహేనేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. అను ఫాంట్లు యూనికోడ్ రాకముందు పద్ధతిలోవి. వాటిలో తెలుగు అక్షర ఖండాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. మీ కోరెల్‌డ్రా ఫైలును ఇంక్‌స్కేప్ అనే ఉచిత డిజైన్ ప్రోగ్రాము తెరవగలదు గానీ, ఆ ఫాంటు లేని కంప్యూటరులో "శ్రీనిలయం" స్థానంలో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. కాబట్టి చేతిలో ఉన్న రెండు పలకల కోసం, కోరెల్‌డ్రా, అను రెండూ ఉన్న ఏ డీటీపీ లేదా ఫ్లెక్స్ దుకాణానికైనా ఫైళ్లు తీసుకెళ్లి, అక్షరాలను కర్వ్స్ (గీతలుగా మార్చడం) చేయించి ఎస్‌వీజీగా సేవ్ చేయించుకోండి. కర్వ్స్ అయ్యాక అది బొమ్మే, ఫాంటుతో పని లేదు. ఐదు నిమిషాల పని.

కొత్త పలకలను మాత్రం యూనికోడ్‌లోనే మొదలుపెట్టండి. ఇంక్‌స్కేప్ వత్తులనూ గుణింతాలనూ సరిగ్గా కూర్చుతుంది. చెక్క మీదికి రామభద్ర వంటి లావు ఫాంటు బాగా తేలుతుంది, మండలి కొంచెం సన్నం కనుక అక్షరం ఎత్తు రెండు సెంటీమీటర్లైనా ఉంచండి. అక్షరాలు పూర్తయ్యాక ఆబ్జెక్ట్ టు పాత్ చేయాలి, ఇంక్‌స్కేప్‌లో కర్వ్స్ చేయడమంటే ఇదే. అయితే గీత వెంబడి చెక్కేటప్పుడు మరో మెట్టు ఉంది. తెలుగు ఫాంట్లలో గుణింతపు గుర్తో, వత్తో ప్రధాన అక్షరం మీదికి కొంచెం ఎక్కి ఉండవచ్చు. తెర మీద అంతా నల్లగా కలిసిపోయి కనిపిస్తుంది, లేజరు మాత్రం ఆ లోపలి గీతలను కూడా చెక్కుతుంది. మొదటిసారి "క్ష్మి" చెక్కినప్పుడు అక్షరం కడుపులో నిలువునా ఒక కోత పడి పలక పాడైంది. అప్పటినుంచి చెక్కే ముందు యూనియన్ చేసి (ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన ఆకారాలను ఒకటిగా కలిపి), గీతలు మాత్రమే చూపే అవుట్‌లైన్ మోడ్‌లో ఒకసారి చూసుకుంటాను. అక్షరాలను ఆరపార కోసి స్టెన్సిల్ చేస్తే సున్నా మధ్య ముక్క ఊడి కింద పడిపోతుంది కనుక, దానికి చిన్న వంతెన మీరే గీసుకోవాలి.

చెక్కపలక

మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. జాబితాలో 1ఎ86:5512 కనిపించింది. యూడెవ్ నియమం రాసి లాగవుట్ కాకుండా గంటసేపు తంటాలు పడ్డాను, మీరు ముందే హెచ్చరించినా. లాగిన్ అయ్యాక ఇనిషియలైజ్ నొక్కగానే తల టకటకమంటూ ఎడమ మూలకు వెళ్లి ఆగింది. నెలరోజుల తరువాత ఆ చప్పుడు వినడం ఎంత బాగుందో! ఎర్తు మా ఇంట్లో 228 వోల్టులు చూపించింది. ఫ్లెక్స్ దుకాణంలో కర్వ్స్ చేయించిన మొదటి పలక అచ్చంగా అనుకున్నట్టే వచ్చింది.

రెండవదాని చుట్టూ వేసే ముగ్గు అంచు చాలా ఏళ్ల క్రితం ఇంక్‌స్కేప్ 0.48లో నేను గీసుకున్నది. దాని పొడవు 160 మిల్లీమీటర్లు ఉండాలి. కార్డుబోర్డు మీద ప్రయత్నిస్తే సరిగ్గా 150 వచ్చింది. బెల్టు జారుతోందా, లేక బోర్డు పేరు తప్పు ఎంచుకున్నానా? ఫైలు తెరిచినప్పుడు విస్పరర్ ఏదో 96, 90 అని అడిగితే 96 నొక్కాను.

సన్నతీగ

బెల్టు బాగానే ఉంది, తేడా అంతా మీరు నొక్కిన ఆ సంఖ్యలోనే ఉంది. ఇంక్‌స్కేప్ 0.91 వరకు అంగుళానికి 90 పిక్సెళ్లు, 0.92 నుంచి 96. ఫైలులో కొలతలు మిల్లీమీటర్లలో కాకుండా పిక్సెళ్లలో రాసి ఉన్నప్పుడు, ఏ లెక్కన చదవాలో విస్పరర్‌కు తెలియదు కాబట్టి మిమ్మల్ని అడుగుతుంది. 160ని 90తో గుణించి 96తో భాగిస్తే సరిగ్గా 150 వస్తుంది. ఈసారి 90 ఎంచుకోండి. ఆ తరువాత అదే ఫైలును కొత్త ఇంక్‌స్కేప్‌లో తెరిచి, పొడవు 160 చూపుతోందని సరిచూసుకుని, డాక్యుమెంటు యూనిట్లను మిల్లీమీటర్లకు మార్చి సేవ్ చేసుకుంటే మళ్లీ అడగదు. బెల్టు జారితే తేడా ఇంత కచ్చితమైన నిష్పత్తిలో రాదు, ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, అంచులు కూడా మెట్లుమెట్లుగా కనిపిస్తాయి.

చెక్కపలక

90 ఎంచుకుని మళ్లీ కార్డుబోర్డు మీదే చెక్కాను. స్కేలు పెట్టి కొలిస్తే 160 ఉంది, ముగ్గు చుక్కలు పలక నాలుగు మూలలకూ సమానంగా కూర్చున్నాయి. రేపు ఉదయం టేకు మీద వేస్తాను.