ఒకే మాక్రో, 12 బటన్లు: నెల నంబరు ఎలా పంపాలి?

ప్రశ్న: ఎక్సెల్ షీట్‌లో నెలకో బటన్ పెట్టాను. 12 బటన్లకి 12 మాక్రోలు (బటన్ నొక్కితే నడిచే చిన్న ప్రోగ్రాములు), కోడ్ అంతా ఒకటే, నెల నంబరు ఒక్కటే తేడా. ఒకచోట తప్పు దిద్దితే మిగతా పదకొండులోనూ దిద్దాలి, ప్రాణం విసిగిపోయింది. పోనీ అని మాక్రోకి ఆర్గ్యుమెంట్ (బయటి నుంచి పంపే విలువ, ఇక్కడ నెల నంబరు) పెడితే, బటన్‌కి మాక్రోని తగిలించే అసైన్ మాక్రో లిస్టులోంచి దాని పేరే మాయమైంది!

జవాబు 1: లిస్టులో కనబడదు, కానీ పనిచేస్తుంది. ఆ లిస్టు పైనున్న పేరు గడిలో మీరే టైప్ చేయండి: ముందు సింగిల్ కోట్, మాక్రో పేరు, ఒక స్పేస్, నెల నంబరు (మార్చికైతే 3), చివర మళ్లీ సింగిల్ కోట్. బ్రాకెట్లు వద్దు. నంబరు కాకుండా మాట పంపాలంటే ఆ మాటని డబుల్ కోట్స్‌లో పెట్టాలి. చూడ్డానికి వింతగా ఉంటుంది, నేనూ మొదట నమ్మలేదు.

జవాబు 2: అదీ సరే గానీ నాకైతే మాక్రో కోడ్‌లో రాసే అప్లికేషన్.కాలర్ నయం. నొక్కిన బటన్ పేరు అదే ఇస్తుంది, కాబట్టి బటన్లకి నెల_1, నెల_2 అని పేర్లు పెట్టి, మాక్రోలో ఆ అండర్‌స్కోర్ తర్వాతి నంబరు తీసుకుంటే ఆర్గ్యుమెంట్ గొడవే లేదు. బటన్‌ని కాపీ చేస్తే ఒక్కోసారి పేరు కూడా పాతదే వచ్చేస్తుంది, చూసుకోండి. కోడ్ రాసే ఎడిటర్‌లో ఎఫ్5 (మాక్రోని నడిపే కీ) కొట్టి టెస్ట్ చేయొద్దు, అక్కడ నొక్కిన బటనే లేదు కదా, పేరు బదులు ఎర్రర్ వస్తుంది. ఇదంతా ఫామ్ కంట్రోల్ బటన్లకే, ఎక్సెల్‌లోనే ఉండే ఇంకో రకం, యాక్టివ్ఎక్స్ బటన్లకి కుదరదు.

అడిగినవారు: మొదటిది పనిచేసింది, థాంక్సండీ. నేను బ్రాకెట్లు పెట్టి గంటసేపు కొట్టుకున్నాను.