సోమనాథ్ ఛటర్జీ స్పీకర్ పదవి వదులుకోవాల్సిందేనా?

పాతకామ్రేడ్: 2008 జులైలో అమెరికాతో అణు ఒప్పందం విషయంలో వామపక్షాలు కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకున్నాయి. రాష్ట్రపతికి ఇచ్చిన ఎంపీల జాబితాలో లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న తమ ఎంపీ ఛటర్జీ పేరు కూడా పెట్టింది సీపీఎం. పదవి వదిలి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేయమంది. ఆయన మాత్రం కుర్చీ దిగనన్నారు. 22న విశ్వాస పరీక్ష, 23న పార్టీ నుంచి బహిష్కరణ. నన్నడిగితే తప్పు ఆయనదే. 1984లో జాదవ్‌పూర్‌లో మమతా బెనర్జీ చేతిలో ఓడిపోతే, మళ్లీ బోల్‌పూర్‌లో నిలబెట్టి లోక్‌సభకు పంపింది ఎవరు? పార్టీ లేకపోతే పదిసార్లు ఎంపీ అయ్యేవారా?

గ్యాలరీ సీటు: పార్టీ గెలిపించింది, కాదనను. కానీ 2004లో స్పీకర్‌ని చేసింది ఏకగ్రీవంగా సభ మొత్తం. పోనీ లెక్కే చూద్దాం. ప్రభుత్వం 275–256తో గట్టెక్కింది. ఈయన దిగివచ్చి వ్యతిరేకంగా ఓటేస్తే 257. అప్పుడు కుర్చీలో డిప్యూటీ స్పీకర్ కూర్చోవాలి. ఆయనేమో అకాలీదళ్, అంటే ఒప్పందం వద్దన్న పక్షమే. సభ నడిపేవాళ్లకు ఓట్లు సమానమైతే తప్ప ఓటుండదు కాబట్టి ఒకటొచ్చి ఒకటి పోతుంది. దీనికోసమా ఇంత రాద్ధాంతం!

పాతకామ్రేడ్: లెక్క బాగుంది గానీ గొడవ ఓటు గురించి కాదండీ, క్రమశిక్షణ గురించి.

నల్లకోటు: మన నీలం సంజీవరెడ్డిగారిని మర్చిపోయారు ఇద్దరూ. 1967లో స్పీకర్ కాగానే కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు. తర్వాత రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం కూడా ఆ వెసులుబాటు ఇచ్చింది: స్పీకర్‌గా ఎన్నికైనవాళ్లు పార్టీ వదిలేసినా అనర్హత వేటు పడదు. ఛటర్జీ స్వయంగా లాయరు, ఈ సంగతి తెలియక కాదు. 2004లోనే పార్టీ సభ్యత్వం వదులుకుని ఉంటే 2008లో ఆయన్ను దిగమనే హక్కు ఎవరికీ ఉండేది కాదు. నాలుగేళ్లు రెండు పడవల మీద కాళ్లు పెట్టారు. పార్టీ కూడా తక్కువ తినలేదు, మా మనిషి స్పీకరని అప్పుడు మురిసిపోయి, అవసరం రాగానే జాబితాలోకి లాగింది.

గ్యాలరీ సీటు: సభ్యత్వం ఉంచుకున్నంత మాత్రాన పార్టీ చెప్పినట్టు ఆడాలా? ఫిరాయింపు పిటిషన్ల మీద తీర్పు చెప్పేదీ స్పీకరేగా. రేపు వాటికి కూడా పార్టీ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే?

నల్లకోటు: ఇప్పుడు రావట్లేదంటారా?